ఎవరి మేలుకోసం? — వికలాంగ శిశువుల వైద్యచరిత్ర మీద కొన్ని ఆలోచనలు

1

ఒక మనిషి శరీరం మీద కత్తి పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఈ సూత్రాన్ని ఈనాడు కాదనేవాడు లేడు. అయితే ఒప్పుకోవడానికీ, వద్దనడానికీ నోరులేని శిశువు విషయంలో ఏం చెయ్యాలి? పుట్టుకతోనే మెదడు దెబ్బతిని, కూచోలేక, మాట్లాడలేక మంచాన పడివున్న బిడ్డకు ఆపరేషను చెయ్యాలంటే “సరే” అనే అధికారం ఎవరిది? తల్లిదండ్రులదా, డాక్టరుదా, కోర్టుదా, సర్కారుదా? “అందరూ బిడ్డ మేలు కోరేవాళ్లే గదా” అని జవాబు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. గడచిన నూరేళ్ల చరిత్ర చూస్తే ఈ జవాబు ఎంతమాత్రమూ చాలదని తేలుతుంది. “మేలు” అనే మాట వెనక నిలబడి మాట్లాడుతున్నది ఎవరి అవసరమో విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకాలలో ఎదురుపడలేదు. 1996లో నేను బాపట్లలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో మా విద్యార్థి ఒకడు తన అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెది రేపల్లె దగ్గర పల్లె. నాట్లకూ కోతలకూ కూలికి వెళ్లి బతికే మనిషి. మొగుడు వదిలేసి చాలాకాలమైంది. పన్నెండేళ్ల కూతురు పుట్టినప్పటినుంచీ మంచం దిగలేదు, మాట రాలేదు. తల్లి పనికి పోతూ ఇంటికి బయట గొళ్లెం పెట్టి పోయేది. ఆ పిల్ల అప్పుడే పెద్దమనిషి అయింది. దాంతో తల్లికి రెండు భయాలు పట్టుకున్నాయి. నెలనెలా ఆ శుభ్రమంతా ఎవరు చెయ్యాలన్నది ఒకటి. రెండోది ఆమె పైకి చెప్పలేదుగాని నాకు అర్థమయింది: ఆ గొళ్లెం ఎవడైనా తియ్యగలడు. పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగుహోము డాక్టరు, గర్భసంచి తీసేస్తే రెండు పీడలూ వదులుతాయన్నాడు. దానికి కాగితం రాయాలి. ఆమెకు చదువురాదు.

“మీరు రాసిపెట్టండి మాస్టారూ, నేను వేలిముద్ర వేస్తాను. పాపమైతే చెప్పండి, మానేస్తాను” అన్నదామె.

“పాపమేమీ లేదమ్మా” అని చెప్పి నేనే రాశాను. అంతకుముందు ఆమె ఆ పిల్లకు తాయెత్తులు కట్టించింది, ఫిట్సు వస్తే వాతలు పెట్టించింది. మంత్రగాడిని విడిచి డాక్టరు దగ్గరకు రావడమే నాకు అభ్యుదయంగా కనిపించింది. ఆ కాగితంలో తల్లి పేరుంది, డాక్టరు పేరుంది, సాక్షిగా నా పేరుంది. పిల్ల తరఫున మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.

2

తట్టకపోవడానికి నాకు సాకు కూడా లేదు. అంతకు రెండేళ్లు ముందే, 1994 ఫిబ్రవరిలో, ఇదే విషయం మీద దేశమంతా చర్చ జరిగింది. మహారాష్ట్రలో శిరూర్ అనే చోట బుద్ధిమాంద్యం ఉన్న బాలికలకు ప్రభుత్వం నడిపే వసతి పాఠశాల ఉండేది. అక్కడి బాలికలనూ యువతులనూ కొందరిని ఎంపిక చేసి పూనా ససూన్ ఆస్పత్రికి తీసుకువచ్చి గర్భసంచులు తీసేసే ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా ఆపరేషన్లు అయిన తరవాత మహిళాసంఘాలూ, వికలాంగుల సంఘాలూ, కొందరు డాక్టర్లూ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం మిగిలినవాటిని ఆపింది. వ్యవహారం బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది.

ఆపరేషన్లను సమర్థించినవాళ్లు దుర్మార్గులు కారు. వారి వాదం ఇది: ఈ బాలికలు నెలసరి శుభ్రత పాటించలేరు, గుడ్డ పెడితే ఉంచుకోరు, చూసుకునే సిబ్బంది చాలరు, పైగా ఎవడైనా బలాత్కరిస్తే గర్భం వస్తుంది, గర్భసంచి వల్ల వాళ్లకు ఉపయోగమేమిటి?

ఈ వాదాన్ని ఒక్కొక్క ముక్కగా విడదీసి చూడండి. సిబ్బంది చాలకపోవడం బడ్జెటు సమస్య. ఆయాలను ఇంకా నలుగురిని వేస్తే తీరేది. ఆ సమస్య ఆపరేషను బల్ల దగ్గరకు వచ్చేసరికి పిల్ల శరీరంలోని లోపంగా మారిపోయింది. ఇక రెండో ముక్క ఇంకా ఘోరమైనది. గర్భసంచి తీసేసినందువల్ల బలాత్కారం ఆగదు. బలాత్కారం జరిగిందని చెప్పే సాక్ష్యం మాత్రం పుట్టకుండా పోతుంది. నోరులేని పిల్లకు ఆ సాక్ష్యం ఒక్కటే నోరు. అంటే నేరం చేసేవాడికి రక్షణ కల్పించి, దానికి పిల్ల రక్షణ అని పేరు పెట్టామన్నమాట.

1996లో నేను కాగితం రాసినప్పుడు ఈ వాదోపవాదాలు పత్రికలలో చదివే ఉన్నాను. చదివి, అది ప్రభుత్వ వసతిగృహాలకు సంబంధించిన వ్యవహారమనీ, ఇక్కడున్నది కన్నతల్లి గదా అనీ సరిపెట్టుకున్నాను.

3

వికలాంగుల శరీరాల మీద సమాజానికి హక్కున్నదనే భావం ఎక్కడినుంచి వచ్చింది? దానికి మూఢాచారాన్ని నిందించి తప్పించుకోలేము. ఇది ఆధునిక భావం. విజ్ఞానం పేరుతో, చాలాచోట్ల అభ్యుదయం పేరుతోనే వచ్చింది.

1920లో జర్మనీలో బైండింగ్ అనే న్యాయశాస్త్రవేత్తా, హోఖ అనే మానసిక వైద్యుడూ కలిసి “బతకడానికి అర్హతలేని జీవితం” అనే భావాన్ని ప్రతిపాదిస్తూ పుస్తకం రాశారు. అప్పటికింకా హిట్లరు ఎవరికీ తెలియడు. నాజీల పాలన వచ్చాక బడిపిల్లల లెక్కల పుస్తకాలలోకి కూడా ఈ భావం ప్రవేశించింది: మతిలేనివాళ్ల పోషణకు రోజుకు ఇంత ఖర్చయితే ఆ డబ్బుతో కార్మికులకు ఎన్ని ఇళ్లు కట్టవచ్చు? లెక్కలు చెప్పే పంతుళ్లు ఈ మాటను ఒక్కక్షణం ఆలోచించాలి. 1939లో లీప్‌జిగ్ ప్రాంతంనుంచి ఒక కుటుంబం, తీవ్ర వైకల్యంతో పుట్టిన తమ బిడ్డను చంపడానికి అనుమతించమని హిట్లరుకు అర్జీ పెట్టుకున్నది. హిట్లరు తన సొంత డాక్టరు కార్ల్ బ్రాంట్‌ను పంపాడు. ఆ బిడ్డను చంపారు. ఆ ఏడు ఆగస్టు 18న, వైకల్యంతో పుట్టిన శిశువుల వివరాలు పంపాలని డాక్టర్లకూ మంత్రసానులకూ ఆజ్ఞ వచ్చింది. ముగ్గురు నిపుణులు బిడ్డను కళ్లతో చూడకుండానే ఫారాలు చూసి తీర్పు చెప్పేవారు. మంచి వైద్యం జరుగుతుందని చెప్పి పిల్లలను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోయేవారు. యుద్ధం ముగిసేలోగా ఈ పద్ధతిన కనీసం 5,000 మంది పిల్లలు హతమైనారు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగిననాటికి ఆ హత్యలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఫాసిజాన్ని ఎదిరించిన సంప్రదాయం మనది. కనక “అది నాజీల పని, మనకేం సంబంధం?” అనుకోవడం తేలిక. అట్లా అనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు.

స్వీడన్ ఉదాహరణ తీసుకోండి. కార్మికపక్షం పాలనలో అందరికీ వైద్యం, చదువు, పింఛను కల్పించిన దేశమది. ఆ దేశమే 1934లో, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు వాళ్ల సమ్మతి లేకుండా కూడా సంతానం కలక్కుండా ఆపరేషన్లు చెయ్యవచ్చునని చట్టం చేసింది. అదే సంవత్సరం గున్నార్ మిర్డాల్, ఆల్వా మిర్డాల్ దంపతులు జనాభా సమస్య మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఇటువంటి ఆపరేషన్లను సమర్థించారు. “ఏషియన్ డ్రామా” రాసిన గున్నార్ మిర్డాలే ఆయన. మనదేశంలో 1955 నుంచి 1961 దాకా స్వీడన్ రాయబారిగా ఉన్న ఆల్వాయే ఆమె. ఇద్దరూ మానవతావాదులే. 1975లో ఆ చట్టాన్ని మార్చేసరికి సుమారు 63,000 మందికి ఆపరేషన్లు జరిగాయి. వారిలో తొంభైశాతం పైగా స్త్రీలు. 1997లో ఒక పాత్రికేయుడు బయటపెట్టినదాకా ఆ దేశంలో దీన్నిగురించి పెద్దగా చర్చే లేదు. 1999లో పరిహారం చెల్లించే చట్టం వచ్చింది.

మనదేశం మాట? 1938లో నెహ్రూ అధ్యక్షతన కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘం ఉన్నదిగదా, దానిలో జనాభా ఉపసంఘానికి రాధాకమల్ ముఖర్జీ అధ్యక్షుడు. పిచ్చి, మూర్ఛ వంటి వంశపారంపర్యంగా వచ్చే తీవ్రవ్యాధులున్నవారికి సంతాననిరోధక ఆపరేషన్లు చెయ్యాలన్న సూచన ఆ ప్రణాళికలోనూ ఉంది. స్వాతంత్ర్యం రాకముందే మన ప్రణాళికలో ఆ గది సిద్ధంగా ఉన్నది.

దీన్ని శాస్త్రబద్ధంగా ఎదిరించినవారిలో ముఖ్యుడు, తరవాత కమ్యూనిస్టు పార్టీలో చేరిన జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్. 1938లో ఆయన ప్రచురించిన “హెరిడిటీ అండ్ పాలిటిక్స్” ఈ వాదాన్ని దాని లెక్కతోనే కొట్టింది. ఆ లెక్క మన విద్యార్థులు కూడా చేసుకోవచ్చు. తల్లిదండ్రులిద్దరినుంచీ వస్తేగాని బయటపడని లోపం 10,000 మందిలో ఒకరికి కనిపిస్తున్నదనుకోండి. ఆ లోపం లోపల దాచుకుని పైకి ఆరోగ్యంగా ఉండేవాళ్లు ప్రతి 50 మందిలోనూ ఒకరుంటారు. పైకి కనిపించినవాళ్లందరికీ ఆపరేషన్లు చేసినా ఆ లోపం దాదాపు అట్లాగే ఉంటుంది. అంటే ఈ ఆపరేషన్లవల్ల రాబోయే తరాలకు ఒరిగేది లేదు; ఉన్న తరంలో నోరులేనివాళ్ల మీద పెత్తనం మాత్రం మిగులుతుంది. హాల్డేన్ 1957లో మనదేశం వచ్చి స్థిరపడ్డాడు. కోస్తా ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేసిన కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యుడే. 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో చనిపోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి విద్యార్థుల చదువుకోసం ఇచ్చారు. తన శరీరం ఏమైపోవాలో తానే చెప్పి పోయాడాయన. ఆ స్వేచ్ఛ అందరికీ ఉండాలన్నదే ఆయన వాదంలో సారాంశం.

4

ఇదంతా జరిగిపోయిన కథ అనుకునేవారికోసం అమెరికా ఉదంతం ఒకటి చెప్పాలి. 2004లో సియాటిల్ నగరంలో పిల్లల ఆస్పత్రిలో, ఆష్లీ అనే పేరుతో తరవాత లోకానికి తెలిసిన ఆరేళ్ల పాపకు గర్భసంచి తీసేశారు. రొమ్ములు పెరగకుండా వాటి మొగ్గలు తీసేశారు. ఎత్తు పెరగకుండా పెద్దమోతాదులో హార్మోను ఇచ్చారు. ఆ పాప పుట్టుకతో మెదడు దెబ్బతిన్నది, నడవలేదు, కూచోలేదు. తల్లిదండ్రులు ఆమెను ఎంతో ప్రేమగా చూసుకునేవాళ్లు. పాప చిన్నదిగా, తేలికగా ఉంటే ఎత్తుకోవడం, తిప్పడం సులభమవుతుంది, ఆమె ఎప్పటికీ ఇంట్లోనే ఉండగలుగుతుంది అన్నది వారి వాదం. 2006లో డాక్టర్లు దీన్ని వైద్యపత్రికలో ప్రకటించాక పెద్ద దుమారం లేచింది. కోర్టు అనుమతి లేకుండా గర్భసంచి తియ్యడం చట్టవిరుద్ధమని 2007లో ఆస్పత్రి ఒప్పుకున్నది.

ఇక్కడ తల్లిదండ్రుల ప్రేమను శంకించనక్కరలేదు. వారు చెప్పింది నిజం కూడా. బరువైన మనిషిని ఇద్దరు ముసలివాళ్లు ఎత్తలేరు. కాని ఎత్తడానికి ఇంకో మనిషినో, యంత్రాన్నో సమాజం ఇవ్వాలని కోరడానికి బదులు బిడ్డనే కుదించవలసివచ్చింది. ప్రపంచంలో అందరికన్న ధనికదేశంలో జరిగింది ఇది. ఆ తల్లిదండ్రులు తమ బిడ్డను దిండు మీద పడుకున్న దేవదూత అని పిలుచుకునేవాళ్లు. మన పల్లెల్లో “దేవుడి బిడ్డ” అంటారు. 2015 తరవాత మన సర్కారువారు “దివ్యాంగులు” అంటున్నారు. బిరుదులు ఇవ్వడానికి ఖర్చుండదు. ఆ బిడ్డను రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పేవాళ్లకు కూలి ఇవ్వాలంటేనే ఖర్చు.

5

ఇప్పుడు మన తెలుగునాట జరిగినవి చూద్దాం. లీప్‌జిగ్‌లో ఒక కుటుంబం పెట్టిన అర్జీ సంగతి పైన రాశాను. అటువంటి అర్జీలు మన దగ్గరా వచ్చాయి. 2016లో అప్పటి చిత్తూరు జిల్లాలో పేద దంపతులు కాలేయం చెడిపోయిన తమ ఎనిమిది నెలల పాపను కారుణ్యమరణం పాలు చెయ్యడానికి అనుమతి కావాలని తంబళ్లపల్లె కోర్టుకు వెళ్లారు. కాలేయం మార్చడానికి లక్షలు కావాలి, వాళ్లదగ్గర లేవు. కోర్టు ఆ అర్జీ తీసుకోలేదు. విషయం పత్రికల్లోకి ఎక్కాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరిస్తానన్నది; కాలేయమార్పిడి జరిగింది. అదే జిల్లాలో 2021 జూన్‌లో ఒక తల్లి రోగిష్టి అయిన తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని ఇదే కోరికతో పుంగనూరు కోర్టుకు వెళ్లింది. పని కాలేదు. తిరిగి వస్తూంటే ఆటోలోనే ఆ పిల్లవాడు చనిపోయాడు.

ఈ మూడు అర్జీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కన్నవాళ్ల నిస్సహాయత మూడింటిలోనూ ఒకటే. తేడా అంతా అర్జీ అందుకున్న రాజ్యంలో ఉన్నది. ఒక రాజ్యం చంపడానికి డాక్టరును పంపింది. ఒకచోట ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. డబ్బు రాగానే చావు కోరిక మాయమైంది. ఇంకోచోట ఎవరూ ఏమీ పంపలేదు. కనక తల్లిదండ్రులు “చావు కావాలి” అన్నప్పుడు ఆ మాటను వారి స్వేచ్ఛాభిప్రాయంగా తీసుకోవడం పొరపాటు. అది ఆస్పత్రి బిల్లు మాట్లాడించిన మాట.

సమ్మతి సంతకాలు మన దగ్గర ఎట్లా తయారవుతాయో చెప్పే ఉదంతం మరొకటి ఉంది. అది వికలాంగ శిశువులది కాదుగాని తనకోసం తాను మాట్లాడలేని బాలికలదే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం మొదలైనచోట్ల సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసి పరిశీలించే పథకం మొదలైంది. వారిలో ఎందరో గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. చాలా సమ్మతిపత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో పథకాన్ని నిలిపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. సంరక్షకుడి సంతకం బిడ్డ సమ్మతికి సమానమని ఎంత సులభంగా అనుకుంటామో ఇక్కడ తేలిపోయింది. శిరూర్‌లో సంరక్షకుడు సర్కారు, భద్రాచలంలో వార్డెను. రేపల్లెలో వేలిముద్ర తల్లిదే అయినా మాటలు నావి.

6

అయితే వికలాంగ శిశువులకు ఆపరేషన్లే వద్దంటామా? అది మళ్లీ వాతలకూ తాయెత్తులకూ తిరిగి వెళ్లడమే. విశాఖపట్నంలో డాక్టరు సుంకర వెంకట ఆదినారాయణరావు దశాబ్దాల తరబడి పోలియో పిల్లలకు చేసిన ఆపరేషన్లు మనకు తెలుసు. వంగిపోయిన కాలు సరిచేస్తే ఆ పిల్లవాడే లేచి నిలబడతాడు. బిగుసుకుపోయిన కండరాన్ని వదులుచేస్తే నొప్పి తగ్గేది ఆ బిడ్డకే. మింగలేని బిడ్డకు గొట్టం వేస్తే ఆకలి తీరేది ఆ బిడ్డకే. కనక మొదటి పరీక్ష ఇది: ఆపరేషను ఫలితం ఎవరి శరీరానికి అందుతున్నది? రెండోది: పని సులువయ్యేది చూసుకునేవాళ్లకయితే, అదే సులువు ఇంకో మనిషిని పెట్టి సాధించలేమా? మూడోది: తరవాత వెనక్కు తీసుకోలేని పని అయితే, దానివల్ల లాభపడనివాడు ఎవడైనా బిడ్డ పక్షాన నిలబడి వాదించాడా?

మన చట్టం ఈ దిశగా కొంత నడిచింది. చండీగఢ్ ప్రభుత్వ ఆశ్రయంలో బలాత్కారానికి గురై గర్భవతి అయిన, బుద్ధిమాంద్యంగల అనాథ యువతికి ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా గర్భస్రావం చెయ్యమన్న హైకోర్టు ఉత్తరువును 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షను ప్రకారం వికలాంగులెవరికీ వారి స్వేచ్ఛాసమ్మతి లేకుండా సంతానం కలక్కుండా చేసే వైద్యం చెయ్యరాదు. బాగానే ఉంది. కాని ఎన్నటికీ సమ్మతి తెలపలేని బిడ్డ విషయంలో ఎవరు వినాలి, ఎట్లా వినాలి అన్నది ఆ సెక్షను చెప్పదు. అదే చట్టం 92వ సెక్షను, స్త్రీ సమ్మతి లేని గర్భస్రావాన్ని నేరమంటూనే, వైకల్యం తీవ్రమైతే డాక్టరు అభిప్రాయమూ సంరక్షకుడి అంగీకారమూ ఉంటే చాలునని మినహాయించింది. ఎవరికి రక్షణ అందరికన్న ఎక్కువ కావాలో సరిగ్గా వారిదగ్గరే తలుపు తెరిచి ఉంచారు. ఆ తలుపు దగ్గర స్వతంత్రమైన విచారణ ఒకటి ఉండాలని మనం అడగాలి.

దానికన్న ముందు అడగవలసింది కూలి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో పూర్తిగా మంచాన పడినవారికి నెలకు 15,000 రూపాయలు, తక్కిన వికలాంగులకు 6,000 పింఛను ఇస్తున్నారు. ఇది పోరాటాలవల్ల పెరిగింది, చిన్న విషయం కాదు. కాని తల్లి పనికి పోయినప్పుడు బిడ్డదగ్గర ఉండే మనిషి ఊరిలో ఉంటేనే ఆ డబ్బు పూర్తిగా పనికివస్తుంది. ప్రతి మండలంలోనూ పగటిపూట పిల్లలను చూసుకునే ఇల్లూ, అందులో జీతం తీసుకునే శిక్షణపొందిన ఆయాలూ ఉండాలి. ఇది దయాధర్మం కాదు, వైద్యంలో భాగం.

ఆ పిల్ల ఆపరేషను తరవాత పదకొండేళ్లు బతికింది. 2007లో పోయిందని తెలిసి చూడడానికి వెళ్లాను. నేను రాసిన కాగితం గురించి నేనే ఎత్తాను.

“మీదేం తప్పు లేదు మాస్టారూ” అన్నదామె. “గర్భసంచి తీయించానేగాని, గొళ్లెం తియ్యలేకపోయాను గదండీ. పనికి పోయినన్నాళ్లూ అది అట్లాగే పెట్టి పోయాను.”

ఇప్పుడు నేను రిటైరై తెనాలిలో ఉంటున్నాను. సదరం శిబిరం పెట్టినప్పుడు ప్రభుత్వాస్పత్రికి వెళ్లి, చదువురాని తల్లిదండ్రులకు ఫారాలు నింపిపెడుతుంటాను. ఎప్పుడైనా ఎవరైనా బిడ్డ ఆపరేషనుకు సమ్మతిపత్రం చేతికిస్తే, కలం తియ్యకముందు ఒక ప్రశ్న అడుగుతాను: “ఆపరేషను అయ్యాక ఇంట్లో బిడ్డదగ్గర ఎవరుంటారమ్మా?” చాలాసార్లు జవాబు రాదు. అప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి, కలెక్టరుకు అర్జీ రాయడం మొదలుపెడతాను.